బంతి తగిలింది సరే, కాలు ఏమైంది?

ఫుట్‌బాల్‌లో ఫౌల్ మీద వాదన మొదలైందంటే మూడు మాటలు ఖాయంగా వినిపిస్తాయి. "బంతికే తగిలింది కదా, ఇంకేం ఫౌలు?" అని ఒకరు. "కావాలని చేశాడా ఏమిటి?" అని ఇంకొకరు. "కాలు తగిలింది చూశావుగా, పెనాల్టీ ఇచ్చి తీరాల్సిందే" అని మూడో ఆయన. ఏళ్ల తరబడి ఆట చూస్తున్నవాళ్లూ, కామెంటరీ బాక్సులో కూర్చున్న మాజీ ఆటగాళ్లూ కూడా ఇవే అంటుంటారు. కానీ ఆట నియమాలు రాసే ఐఎఫ్‌ఏబీ పుస్తకంలో ఫౌల్స్ గురించి చెప్పే పన్నెండో నియమం తీసి చూస్తే ఈ మూడింట్లో ఏదీ నిలవదు. బంతిని ముందు తాకినంత మాత్రాన ఆ తర్వాత చేసింది మాఫీ కాదు. టాకిల్ (ఎదుటివాడి దగ్గర బంతి లాక్కోవడానికి కాలు వేయడం) విషయంలో ఉద్దేశంతో పనిలేదు. ఇక తగలడం అంటారా, ఇది ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆట. తగిలిన ప్రతిసారీ ఫౌల్ కాదు. తగలకపోయినా ఫౌల్ కావచ్చు, ఎందుకంటే తన్నడంతో పాటు తన్నబోవడం, పడగొట్టడంతో పాటు పడగొట్టబోవడం కూడా నియమంలో తప్పే. మీదికి దూసుకొస్తున్న స్టడ్స్ (బూటు అడుగున ఉండే మొనలు) చూసి, కాలు విరగకుండా పైకి ఎగిరి పడిపోయిన ఆటగాడిని "తాకకుండానే పడ్డాడు" అని తిట్టడం అన్యాయం.

రిఫరీ నిజంగా తేల్చుకోవాల్సింది తీవ్రత. దానికి నియమంలో మూడు మెట్లున్నాయి. చూసుకోకుండా, ముందు వెనక ఆలోచించకుండా చేస్తే ఫ్రీకిక్ ఒక్కటే, కార్డు లేదు. ఎదుటివాడికి ఏమైనా నాకేం అన్నట్టు దూకితే ఎల్లో కార్డు, అంటే హెచ్చరిక. అవసరానికి మించిన బలం వాడినా, ఎదుటివాడి భద్రతకే ముప్పు తెచ్చినా రెడ్ కార్డు, అంటే మైదానం బయటికే. మూడింటికీ ఆట మళ్లీ మొదలయ్యే తీరు మాత్రం ఒకటే: డైరెక్ట్ ఫ్రీకిక్, గోల్ ముందున్న బాక్స్ లోపలైతే పెనాల్టీ. అంటే పెనాల్టీ ఇవ్వాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, కార్డు ఏ రంగు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. "పెనాల్టీ ఇచ్చాడంటే తప్పు చేసినట్టేగా, మరి కార్డు ఏదీ?" అనే సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. బాక్స్‌లో మొదటి మెట్టు ఫౌల్ జరిగితే పెనాల్టీ వస్తుంది, కార్డు రాదు. అందులో తిరకాసేమీ లేదు.

ఎల్లోకీ రెడ్‌కీ మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే టాకిల్‌ను ముక్కలుగా విడగొట్టి చూడాలి. ముందుగా పాదం ఎంత ఎత్తులో వచ్చిందో చూడండి. గడ్డిని రాసుకుంటూ వచ్చిన పాదం బంతికి గానీ బూటుకు గానీ తగులుతుంది. నేలకు జానెడు పైన వచ్చిన పాదం చీలమండకో పిక్కకో తగులుతుంది. తర్వాత మోకాలు. మడిచిన మోకాలు గుద్దుకున్నప్పుడు కొంత వెనక్కి తగ్గి దెబ్బను మింగుతుంది. నిటారుగా బిగిసిన కాలు ఏమీ మింగదు, వచ్చిన వేగమంతా ఎదుటివాడి ఎముకలోకి పోతుంది. మూడోది, తగిలింది పాదం పక్క భాగమా, అడుగున ఉన్న స్టడ్సా. నాలుగోది, టాకిల్ చేసినవాడి ఒక్క పాదమైనా నేల మీద ఉందా. రెండు కాళ్లూ గాల్లోకి లేస్తే ఇక ఆగడం, దిశ మార్చుకోవడం అతని చేతుల్లో ఉండదు. చివరిది చాలామంది చూడనిది: దెబ్బ తిన్న కాలు ఆ క్షణాన నేలకు ఆని ఉందా, గాల్లో ఉందా? గాల్లో ఉన్న కాలు దెబ్బకు పక్కకు పోతుంది. ఒంటి బరువంతా మోస్తూ నేలకు గుచ్చుకున్న కాలు ఎటూ పోలేదు, చీలమండే వంగుతుంది. ఒకే బలంతో చేసిన రెండు టాకిల్స్‌లో ఒకదాని తర్వాత ఆటగాడు లేచి నడిచిపోతాడు, రెండోదాని తర్వాత స్ట్రెచర్ మీద వెళ్తాడు. అయితే గాయమైందా లేదా అన్నది రెడ్‌కు కొలత కాదు. ముప్పు ఉందా అన్నదే కొలత. గాయం కాకపోయినా రెడ్ సరైనదే కావచ్చు, గాయమైనా మామూలు ఫౌలే కావచ్చు.

ఇప్పుడు "బంతికి తగిలింది" వాదన దగ్గరికి వద్దాం. 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్‌తో మ్యాచ్‌లో లివర్‌పూల్ ఆటగాడు కర్టిస్ జోన్స్ కాలు ముందు బంతి మీదే పడింది. బంతి మీదుగా పైకి జారి బిస్సూమా చీలమండ మీదకు వెళ్లింది. రిఫరీ సైమన్ హూపర్ మొదట ఎల్లో ఇచ్చాడు. వీఏఆర్ (వీడియో చూసి సాయపడే రిఫరీ) పిలిస్తే మానిటర్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ అతనికి మొదట కనిపించింది పాదం చీలమండను నొక్కుతున్న ఆగిపోయిన బొమ్మ. ఎల్లో కాస్తా రెడ్ అయింది. నా లెక్క ప్రకారం ఆ రెడ్‌ను సమర్థించవచ్చు: స్టడ్స్ ఉన్నాయి, కాలు బిగిసి ఉంది, తగిలిన చోటు ఎత్తుగా ఉంది. చూపించిన పద్ధతిని మాత్రం సమర్థించలేం. ఆగిపోయిన బొమ్మలో బలం కనపడదు, వేగం కనపడదు, పాదం బంతి మీద నుంచి జారిందన్న సంగతీ కనపడదు. వీఏఆర్ పద్ధతిలోనే దీనికి సూత్రం ఉంది: ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి స్లో మోషన్, ఎంత గట్టిగా తగిలిందో తెలుసుకోవడానికి మామూలు వేగం. స్లో మోషన్‌లో ఏ టాకిల్ అయినా కక్షగట్టి చేసినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అర సెకను పని మూడు సెకన్లు సాగితే ఆగే వీలుండి కూడా ఆగలేదని మనకు అనిపిస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ 2010 ప్రపంచకప్ ఫైనల్. నెదర్లాండ్స్ ఆటగాడు నైజెల్ డి యాంగ్ పైకెత్తిన బూటు నేరుగా స్పెయిన్ ఆటగాడు షాబీ అలోన్సో ఛాతీకి తగిలింది. రిఫరీ హవర్డ్ వెబ్‌కు ఆ క్షణంలో సరిగ్గా కనపడలేదు, ఎల్లోతో సరిపెట్టాడు. అది రెడ్ అయి ఉండాల్సిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అప్పట్లో వీఏఆర్ లేదు. ఉండి ఉంటే ఒక్క నిమిషం వాదన కూడా అక్కర్లేని రెడ్ అది.

ఉద్దేశం గురించిన వాదనకు రెండు మంచి మ్యాచ్‌లున్నాయి. 2013 మార్చి 5న ఛాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు నాని గాల్లోంచి వస్తున్న బంతిని చూస్తూ కాలు పైకెత్తాడు, పక్క నుంచి వచ్చిన అర్బెలోవా పొట్ట భాగానికి తగిలింది. టర్కీ రిఫరీ చునేత్ చాకిర్ రెడ్ చూపించాడు. అప్పటికి 1-0తో ముందున్న యునైటెడ్ 2-1తో రియల్ మాడ్రిడ్‌కు ఓడింది. 2017 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ఆటగాడు సాదియో మానే కూడా బంతినే చూస్తూ కాలెత్తాడు, ముందుకొచ్చిన గోల్‌కీపర్ ఎడర్సన్ ముఖానికి బూటు తగిలింది. 37వ నిమిషంలో రెడ్, మ్యాచ్ 5-0తో మాంచెస్టర్ సిటీది. ఇద్దరూ బంతినే చూశారు, ఇద్దరికీ దురుద్దేశం లేదు. అయినా నేను ఈ రెండింటినీ ఒకే గాటన కట్టను. మానే పూర్తి వేగంతో పరిగెడుతూ, ఎదురుగా గోల్‌కీపర్ వస్తాడని తెలిసే చోట, తల ఎత్తుకు బూటు లేపాడు. ఆ రెడ్ సరైనదే. నాని బంతిని దించుకోవడానికి కాలు చాచాడు, అవతలి మనిషి అతని చూపులో లేడు, కాలు ముందుకు పొడిచినట్టు లేదు. అది రెండో మెట్టు, ఎల్లో. ఉద్దేశం లెక్కలోకి రాకపోయినా, ఎదుటివాడు అక్కడ ఉంటాడని ఊహించే వీలుందా అన్నది మాత్రం వస్తుంది.

టాకిల్ తీవ్రతతో సంబంధం లేని రెడ్ ఇంకొకటి ఉంది. స్పష్టమైన గోల్ అవకాశాన్ని ఫౌల్‌తో చెడగొట్టడం. జనం దీన్ని "లాస్ట్ మ్యాన్" అని పిలుస్తారు, ఆ మాట నియమంలో లేదు. నియమం చూడమనేవి నాలుగు: గోల్‌కు ఎంత దూరం, ఆట ఏ దిశగా సాగుతోంది, బంతి దాడి చేసేవాడి అదుపులో ఉందా లేక అదుపులోకి వచ్చే అవకాశం ఉందా, మిగతా డిఫెండర్లు ఎంతమంది ఎక్కడెక్కడ ఉన్నారు. నాలుగూ కుదిరితేనే రెడ్. ఒక్కటి తప్పినా దాడిని ఆపినందుకు ఎల్లో. 2021 జూలైలో వెంబ్లీలో జరిగిన యూరో ఫైనల్‌లో కియెల్లినీ వెనక నుంచి సాకా జెర్సీ కాలర్ పట్టి లాగేశాడు. చూడ్డానికి అంతకన్నా నిస్సిగ్గు ఫౌల్ ఉండదు, అయినా ఎల్లోనే. అది టచ్‌లైన్ పక్కన, గోల్‌కు చాలా దూరంలో జరిగింది. మొదటి లెక్క దగ్గరే ఆగిపోయింది.

2016 దాకా బాక్స్‌లో ఇలాంటి ఫౌల్ చేస్తే పెనాల్టీ, రెడ్, తర్వాతి మ్యాచ్ నిషేధం, మూడూ పడేవి. ఆ ఏడాది నియమం మార్చారు. ఇప్పుడు బాక్స్ లోపల బంతి కోసం ప్రయత్నించి ఫౌల్ చేస్తే పెనాల్టీతో పాటు ఎల్లో చాలు. పట్టుకోవడం, లాగడం, తోయడం, బంతి అందే వీలే లేకుండా పడగొట్టడం అయితే రెడ్ అలాగే ఉంది. బాక్స్ బయటైతే బంతి కోసం ప్రయత్నించినా రెడ్డే. 2022 ప్రపంచకప్‌లో ఇరాన్‌తో మ్యాచ్‌లో వేల్స్ గోల్‌కీపర్ వేన్ హెన్నెసీ 86వ నిమిషంలో బాక్స్ దాటి చాలా ముందుకొచ్చి తారెమీని ఢీకొన్నాడు. మొదట ఎల్లో, వీఏఆర్ తర్వాత రెడ్. పది మందితో మిగిలిన వేల్స్ ఇంజురీ టైమ్ చివర్లో రెండు గోల్స్ ఇచ్చుకుని 2-0తో ఓడింది.

ఈ మార్పు మంచిదే. కానీ దానిలోంచి ఒక వింత పుట్టింది. గట్టిగా స్లైడ్ చేసి బంతి దొరక్క స్ట్రైకర్‌ను పడేసిన డిఫెండర్‌కు ఎల్లో. వెనక పరిగెడుతూ పొరపాటున అతని మడమకు మోకాలు తగిలించిన డిఫెండర్‌కు రెడ్, ఎందుకంటే అతను బంతి కోసం ప్రయత్నించనేలేదు. 2021 ఫిబ్రవరి 2న ఒకే రాత్రి ఇది రెండుసార్లు జరిగింది. వుల్వ్స్ మీద ఆర్సెనల్ ఆటగాడు డేవిడ్ లూయిజ్, మాంచెస్టర్ యునైటెడ్ మీద సౌతాంప్టన్ ఆటగాడు యాన్ బెడ్నారెక్, ఇద్దరూ పెనాల్టీ ఇచ్చుకుని రెడ్‌తో బయటికెళ్లారు. రెండు క్లబ్బులూ అప్పీల్ చేశాయి. బెడ్నారెక్ రెడ్ రద్దయింది, లూయిజ్‌ది నిలిచింది. లూయిజ్ రెడ్ నియమం ప్రకారం తప్పు కాదు, న్యాయం ప్రకారం తప్పు. బంతి కోసం ప్రయత్నించాడా అని అడగడంతో పాటు అసలు ఫౌల్ చేయాలని ప్రయత్నించాడా అని కూడా అడిగేలా ఆ వాక్యాన్ని సరిచేయాలి. 2024లో హ్యాండ్‌బాల్ విషయంలో దాదాపు ఇదే చేశారు: గోల్ ఆపిన హ్యాండ్‌బాల్ కావాలని చేసింది కాకపోతే, పెనాల్టీ ఇచ్చినప్పుడు ఎల్లో సరిపోతుంది. కాళ్ల విషయంలో చేయకపోవడానికి కారణం కనపడదు.

కావాలనే రెడ్ తీసుకునేవాళ్లు కూడా ఉంటారు. 2010 ప్రపంచకప్‌లో ఘానా మీద ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ 120వ నిమిషంలో గోల్ గీత మీద చేతులతో బంతిని ఆపాడు. రెడ్, పెనాల్టీ. గ్యాన్ కొట్టిన కిక్ క్రాస్‌బార్‌కు తగిలింది, షూటౌట్‌లో ఉరుగ్వే గెలిచింది. 2020 జనవరిలో జెడ్డాలో స్పానిష్ సూపర్ కప్ ఫైనల్ 115వ నిమిషంలో వాల్వెర్దే ఒంటరిగా గోల్ వైపు పోతున్న మొరాతాను వెనక నుంచి పడగొట్టాడు. రెడ్ వచ్చింది, కప్పు రియల్ మాడ్రిడ్‌కే వెళ్లింది. ఈ రెండింటినీ చాలామంది మోసం అంటారు. నేననను. ఇద్దరూ అందరి ముందూ తప్పు చేశారు, పట్టుబడ్డారు, నియమంలో ఉన్న శిక్ష మొత్తం అనుభవించారు. డైవ్, అంటే ఫౌల్ జరిగినట్టు నటిస్తూ పడిపోవడం, అలా కాదు. పట్టుబడితే ఒక ఎల్లో. పట్టుబడకపోతే పెనాల్టీ, ఒక్కోసారి ఎదుటివాడికి రెడ్ కూడా. అందుకే నా దృష్టిలో డైవే పెద్ద తప్పు.

అయితే డైవ్‌ను గుర్తించడం అందరూ అనుకున్నంత తేలిక కాదు. 2014 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్ చివర్లో మార్కెజ్ కాలు తగిలి రాబెన్ పడ్డాడు. పెనాల్టీ, గోల్, మెక్సికో ఇంటికి. ఆ మ్యాచ్ మొదటి సగంలో ఒకసారి డైవ్ చేశానని రాబెన్ తర్వాత ఒప్పుకున్నాడు, చివరిది మాత్రం నిజమైన పెనాల్టీయే అన్నాడు. మెక్సికో అభిమానులు ఈ రెండింటినీ కలిపేసి చూస్తారు. విడదీసి చూస్తే మార్కెజ్ కాలు రాబెన్ పాదానికి తగిలింది, ఆ తర్వాత రాబెన్ చేతులు ఎగరేసి నాటకీయంగా పడ్డాడు. ఫౌల్ జరిగాక ఎంత అతిగా పడినా ఫౌల్ ఫౌలే. అతి చేయడం వల్ల అది చెరిగిపోదు. అతి చేశాడు కాబట్టి ఫౌల్ లేదనడం, తగిలింది కాబట్టి డైవ్ కాదనడం, రెండూ ఒకే రకం పొరపాట్లు.

వేగంగా పరిగెత్తేవాడిని పడేయడానికి ఎంత తాకిడి చాలో కూడా తెలియాలి. పరుగులో ఒక కాలు నేలను తన్నుతుంటే రెండోది వెనక నుంచి ముందుకు ఊగుతుంటుంది. ఆ ఊగే పాదాన్ని వెనక నుంచి వేలెడంత పక్కకు నెడితే చాలు, అది తన సొంత పిక్కకే చుట్టుకుంటుంది, మనిషి బోర్లా పడతాడు. రీప్లేలో చూస్తే ఏమీ తగలనట్టే ఉంటుంది. అది నూటికి నూరుపాళ్లు ఫౌల్. అదే తాకిడి భుజం మీదో నడుము మీదో అయితే ఎవరూ పడరు. కాబట్టి ఎంత తగిలిందన్న దానికన్నా ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం.

డైవ్ ఆనవాళ్లు కూడా ఒంట్లోనే ఉంటాయి. నిజంగా పడేవాడి చేతులు నేలను అందుకోవడానికి కిందికో పక్కకో పోతాయి, అది మన ప్రమేయం లేకుండా జరిగే పని. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో పాల్ మోరిస్ డైవ్‌లను పరిశీలించి ఒక భంగిమను వర్ణించాడు: తల వెనక్కి, ఛాతీ ముందుకు, చేతులు పైకి, రెండు మోకాళ్లూ మడిచి, ఎక్కుపెట్టిన విల్లులా. నిజంగా తూలిపోయేవాడి ఒళ్లు ఆ ఆకారంలోకి రాదు. తగిలిన క్షణానికీ పడిన క్షణానికీ మధ్య ఒక అడుగు వేసే వ్యవధి ఉంటే అనుమానించాలి. దెబ్బ ఒకవైపు నుంచి వచ్చి మనిషి అదే వైపుకు పడితే అనుమానించాలి. ఎడమవైపు డిఫెండర్ ఉంటే తన దారి వదిలి ఎడమకాలును అటు ఈడ్చి తగిలించుకునేవాళ్లున్నారు. ఇక్కడ తాకిడి నిజమే, తాకింది మాత్రం స్ట్రైకరే. మానిటర్ ముందు కూర్చున్న రిఫరీలు కూడా ఎక్కువగా బోల్తాపడేది దీనికే.

నొప్పి నటించడం డైవ్‌కు తోబుట్టువు. 2002 ప్రపంచకప్‌లో టర్కీ ఆటగాడు హకాన్ ఉన్సాల్ తన్నిన బంతి రివాల్దో తొడకు తగిలితే అతను ముఖం పట్టుకుని కూలిపోయాడు. ఉన్సాల్‌కు రెండో ఎల్లో, బయటికి. ఫిఫా తర్వాత రివాల్దోకు జరిమానా వేసింది, కానీ ఆ మ్యాచ్ బ్రెజిల్ 2-1తో గెలిచేసింది. మ్యాచ్ అయ్యాక వేసే శిక్ష నిలబెట్టడమూ కష్టమే. 2009లో సెల్టిక్‌పై పెనాల్టీ తెచ్చుకున్న ఆర్సెనల్ ఆటగాడు ఎడ్వార్డోకు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ రెండు మ్యాచ్‌ల నిషేధం వేసి, అప్పీల్‌లో తనే ఎత్తేసింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ 2017లో ఇంకాస్త పకడ్బందీగా పెట్టింది: ముగ్గురి ప్యానెల్, ముగ్గురూ ఒక్కమాట మీద ఉండాలి, మోసం వల్ల పెనాల్టీయో ఎదుటివాడికి రెడ్డో వచ్చి ఉండాలి. ఆ లెక్కన రెండు మ్యాచ్‌లు బయట కూర్చున్న మొదటి ప్రీమియర్ లీగ్ ఆటగాడు ఎవర్టన్‌కు ఆడిన ఉమర్ నియాస్. వీఏఆర్ వచ్చాక పెనాల్టీ వరకు పని తేలికైంది. 2018 ప్రపంచకప్‌లో కోస్టారికా మీద బ్రెజిల్ ఆటగాడు నేమార్ వెనక్కి వాలిపోతే రిఫరీ కైపర్స్ పెనాల్టీ ఇచ్చి, మానిటర్ చూసి వెనక్కి తీసుకున్నాడు. కానీ డైవ్‌కు ఎల్లో చూపించలేదు. దొరికినప్పుడు కూడా నష్టం లేకపోతే ఎవరు మానేస్తారు?

ఇందులో రిఫరీల బాధ్యత కూడా ఉంది. బాక్స్‌లో జెర్సీ లాగుతున్నా పడకుండా రెండడుగులు వేసి, తూలి, బలహీనంగా కొట్టిన ఆటగాడికి విజిల్ వినిపించడం చాలా అరుదు. పడితేనే ఇస్తారని ఆటగాళ్లు నేర్చుకున్నది ఇలాగే. అడ్వాంటేజ్ నియమం కొన్ని సెకన్లు ఆగి చూసి, లాభం రాకపోతే వెనక్కి వచ్చి ఫౌల్ ఇవ్వమంటుంది. మైదానం మధ్యలో దాన్ని చక్కగా వాడే రిఫరీలు బాక్స్‌లోకి రాగానే మరిచిపోతారు. నిలబడ్డవాడికి పెనాల్టీ దక్కడం మామూలైతే డైవ్‌లు సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం.

"పోయిన వారం ఇదే టాకిల్‌కు రెడ్ ఇచ్చారు, ఇప్పుడెందుకు లేదు?" అనే ప్రశ్నకు కూడా జవాబుంది. వీఏఆర్ జోక్యం చేసుకునేది స్పష్టంగా, తిరుగులేకుండా కనిపించే పొరపాటుకే. ఎల్లోకీ రెడ్‌కీ నడుమ పడే టాకిల్‌కు రిఫరీ ఎల్లో ఇచ్చినా అదే నిలుస్తుంది, రెడ్ ఇచ్చినా అదే నిలుస్తుంది. మైదానంలో ఏం ఇచ్చాడన్నదే తేడా తెస్తుంది. దీన్ని పక్షపాతం అనుకోనక్కర్లేదు.

చివరిగా, షాట్ కొట్టేశాక తగిలితే ఫౌల్ కాదన్న అపోహ. బంతి పోయాక కూడా ఫౌల్ ఫౌలే, బంతి ఆటలో ఉన్నంతవరకు పెనాల్టీయే. 1982 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ షాట్ కొట్టాక పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ గాల్లోకి లేచి తుంటితో అతన్ని గుద్దాడు. పళ్లు రాలాయి, వెన్నుపూస దెబ్బతింది. బంతి గోల్ పక్కనుంచి పోయింది కాబట్టి రిఫరీ ఇచ్చింది గోల్ కిక్. కార్డు లేదు, ఫౌల్ కూడా లేదు. ఇలాంటి రీప్లే వస్తే బంతిని వదిలేసి గోల్‌కీపర్ ఆఖరి రెండు అడుగులు చూడండి. ఆగడానికో, కాళ్లు ముడుచుకోవడానికో, పక్కకు తిరగడానికో ప్రయత్నించాడా? ఒళ్లు ఎదుటివాడి వైపే తిప్పి ఎగిరాడా? అలా ప్రయత్నించి ఉంటే మొదటి మెట్టు, మహా అయితే రెండో మెట్టు. ఎదుటివాడి వైపే ఎగిరి ఉంటే పెనాల్టీతో పాటు రెడ్.